పాత స్లావిక్ పేర్లు విడదీసి చదవడం – నాలుగో పాఠం: మ్స్తిస్లావ్

ముందు పోయిన పాఠంలో ఇచ్చిన రెండు పేర్లకు జవాబులు చూద్దాం. యారొపోల్క్ తేలికే: 'యార్' అంటే ఉగ్రత, రగిలే తేజస్సు, 'పోల్క్' అంటే సేన. స్వ్యతొస్లావ్ దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. 'స్వ్యతొ' అంటే 'పవిత్రమైన' అని రాసుంటే అది తర్వాతి కాలపు అర్థం. 972లో చనిపోయిన కీవ్ రాజు స్వ్యతొస్లావ్, తల్లి ఓల్గా ఎంత చెప్పినా బాప్టిజం తీసుకోలేదని పాత వృత్తాంతాలు చెబుతాయి. అలాంటివాడి పేరులో చర్చి చెప్పే పవిత్రత ఎలా ఉంటుంది? క్రైస్తవానికి ముందు ఆ మాటకు బలం, శక్తి అనే అర్థం ఉండేది. పేరు ఎప్పుడు పెట్టారో చూసుకుని, ఆ కాలపు అర్థమే తీసుకోవాలి. ఇవాళ్టి పేరుకు ఈ సూత్రం ఇంకా ఎక్కువ అవసరం.

ఇవాళ్టి పేరు మ్స్తిస్లావ్. రష్యన్లకే అరుదైన పేరు. చూడగానే మన నాలుక ఆగిపోతుంది, ఎందుకంటే మొదట్లోనే మూడు హల్లులు వరసగా ఉన్నాయి. ముందు దీన్ని పలకడం నేర్చుకుందాం. 'మ్' దగ్గర పెదవులు మూసి, అచ్చు ఏదీ చేర్చకుండా 'స్తి'లోకి జారండి. ఊనిక చివరి 'స్లావ్' మీద పడుతుంది. చివరి 'వ్' రష్యన్ నోట 'ఫ్' లాగా వినిపిస్తుంది.

ఈ పలుకుబడి మొదటి నుంచీ ఇలా లేదు. పాత స్లావిక్ భాషలో ప్రతి అక్షరం అచ్చుతోనే ముగిసేది, మన తెలుగు మాటల్లాగే. పొట్టి 'ఇ' ఒకటి, పొట్టి 'ఉ' ఒకటి ఉండేవి. ఆ లెక్కన పాత రూపం దాదాపు 'మిస్తిస్లావు'. మి-స్తి-స్లా-వు, నాలుగు అక్షరాలు. ఒకసారి పైకి చదవండి, ఎంత హాయిగా ఉందో! 12వ శతాబ్దం ప్రాంతంలో బలం లేని చోట్ల ఉన్న ఆ పొట్టి అచ్చులు రాలిపోయాయి. నాలుగు అక్షరాల పేరు రెండుకు కుదించుకుపోయి, హల్లుల గుట్ట మిగిలింది. పాత స్లావిక్ పేరులో హల్లులు ఇలా గుంపుగా కనిపిస్తే, అక్కడ ఒక అచ్చు పోయి ఉండొచ్చని మొదట అనుమానించండి. ఈ అలవాటు ఒక్కటి వస్తే సగం పేర్లు మీకు లొంగుతాయి.

ఇక విడదీద్దాం. ఎప్పటిలాగే తోక నుంచి మొదలు. 'స్లావ్' అంటే కీర్తి. దీని మూలం 'వినడం' అనే ధాతువు. పదిమంది నోట వినబడేదే కీర్తి. సంస్కృతంలో 'శ్రు' ధాతువు, దాని నుంచి వచ్చిన 'శ్రవస్' దీనికి స్వయానా తోబుట్టువులు. మహాభారతంలో సాత్యకి చేతిలో పడిపోయిన భూరిశ్రవుడు గుర్తున్నాడు కదా? 'భూరి' అంటే అధికం, 'శ్రవస్' అంటే కీర్తి. గ్రీకులో ఇదే ధాతువు పెరిక్లీజ్, సోఫోక్లీజ్ పేర్ల చివర 'క్లీజ్'గా కూర్చుంది. గ్రీకు 'క్' ఉన్న చోట సంస్కృతంలో 'శ', స్లావిక్‌లో 'స' వస్తాయి. కాబట్టి ఈ తోక మనకు కొత్త చుట్టం కాదు. ఒక హెచ్చరిక మాత్రం: స్లావ్ జాతి పేరును ఈ 'స్లావ్'తో కలపకండి. జాతి పేరు పాత రూపంలో 'స్లొవేనె', అందులో 'ఒ' ఉంది. రెండు దారులు వేరు.

ఇప్పుడు మొదటి సగం. 'మ్స్తి' అనేది ప్రతీకారం తీర్చుకోవడం అనే క్రియ. స్లావిక్ పేర్లలో మొదటి సగం మూడు రకాలుగా ఉంటుందని రెండో పాఠంలో అనుకున్నాం. విశేషణం ఉండొచ్చు, యారొస్లావ్‌లో లాగా. 'ఎక్కువ' అని చెప్పే మాట ఉండొచ్చు, వ్యచెస్లావ్, బొలెస్లావ్‌లలో లాగా. లేదా క్రియ ఉండొచ్చు, రోస్తిస్లావ్‌లో లాగా. 'రోస్తి' అంటే పెరగడం. ఎవరి కీర్తి పెరుగుతుందో వాడు రోస్తిస్లావ్. మ్స్తిస్లావ్ ఈ మూడో రకం. క్రియ ముందుండే పేరును చదివేటప్పుడు 'ఆ పని చేసేవాడు' అని మొదలుపెట్టండి. ప్రతీకారం తీర్చి కీర్తి పొందేవాడు. పిల్లల పేర్ల జాబితాల్లో 'పగ, కీర్తి' అని రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి వదిలేస్తారు. అది చదవడం కాదు, ముక్కలు లెక్కపెట్టడం.

బిడ్డకు అలాంటి పేరు ఎందుకు పెడతారు? పాఠంలో అసలు విషయం ఇదే, ఇక్కడ కాసేపు ఆగుదాం.

రూస్ అంటే కీవ్ కేంద్రంగా ఉన్న పాత తూర్పు స్లావ్ రాజ్యం. ఆ రూస్ దేశపు పాత చట్టం 'రుస్కయ ప్రావ్ద'. 11వ శతాబ్దంలో కీవ్‌ను ఏలిన యారొస్లావ్ కాలంలో మొదలైంది. దాని మొట్టమొదటి నిబంధనే హత్య గురించి. ఒకడు ఇంకొకణ్ణి చంపితే తమ్ముడి కోసం అన్న, తండ్రి కోసం కొడుకు, కొడుకు కోసం తండ్రి, అన్న కొడుకో అక్క కొడుకో ప్రతీకారం తీర్చాలి. తీర్చేవాడు లేకపోతే తలకు 40 గ్రివ్నాల జరిమానా. గ్రివ్నా అంటే వెండి తూకం. పోలీసు, కోర్టు లేని సమాజంలో ప్రతీకారం కోపం కాదు, బంధువులకు చట్టం అప్పగించిన బాధ్యత. వెనక నిలబడే మనిషి ఉన్నాడని అందరికీ తెలియడమే ఇంటికి రక్షణ. యారొస్లావ్ కొడుకులు తర్వాత రక్త ప్రతీకారాన్ని ఎత్తేసి డబ్బు చెల్లింపు మాత్రమే ఉంచారు. పేరు మాత్రం చట్టం కంటే ఎక్కువ కాలం బతికింది. అందుకే మ్స్తిస్లావ్‌కు నేను ఇచ్చే అర్థం 'తనవాళ్ల కోసం నిలబడి పేరు తెచ్చుకునేవాడు'. ఇందులో ద్వేషం కంటే భరోసా ఎక్కువ. పోలండ్ వైపు ఇదే 'మ్స్తి' ఇంకో తోకతో వచ్చింది: మ్ష్చివొయ్. 'వొయ్' అంటే యోధుడు. 1294లో చనిపోయిన పొమరేనియా పాలకుడు ఒకాయన ఈ పేరుతోనే ఉన్నాడు.

పేరు పుట్టుక తెలిసింది, ఇక మనుషుల్ని చూద్దాం. చరిత్రలో మొదట గట్టిగా కనిపించే మ్స్తిస్లావ్, పైన చెప్పిన యారొస్లావ్ తమ్ముడు. ఇద్దరూ కీవ్ రాజు వ్లదీమిర్ కొడుకులే. ఆ తండ్రి కొడుకుల్లో ఏడుగురి పేర్ల వరస చూడండి: వీషెస్లావ్, ఇజ్యస్లావ్, యారొస్లావ్, స్వ్యతొస్లావ్, మ్స్తిస్లావ్, స్తనిస్లావ్, సుదిస్లావ్. మన ఇళ్లలో అన్నదమ్ములందరి పేర్లకూ చివర రావు వచ్చినట్టు, ఇక్కడ స్లావ్. వంశాన్ని చూపించేది తోక, మనిషిని చూపించేది తల. 1022లో ఈ మ్స్తిస్లావ్ కసోగ్ తెగ నాయకుడు రెదెద్యతో మల్లయుద్ధం చేసి గెలిచాడని వృత్తాంతం. 1024లో లిస్త్వెన్ దగ్గర అన్న సేననే ఓడించాడు. అయినా కీవ్ సింహాసనం మీద కూర్చోలేదు. 1026లో అన్నదమ్ములు ద్నీపర్ నదిని హద్దుగా పెట్టుకుని రాజ్యాన్ని పంచుకున్నారు. 1036లో ఇతను చనిపోయేదాకా ఆ ఒప్పందం నిలిచింది.

రెండోవాడు ఇంకా పెద్దవాడు: 1125 నుంచి 1132 వరకు కీవ్‌ను ఏలిన మహా మ్స్తిస్లావ్. తల్లి గీథ, 1066లో హేస్టింగ్స్ యుద్ధంలో చనిపోయిన ఇంగ్లండ్ రాజు హెరల్డ్ కూతురు. అందుకే ఇతనికి మూడు పేర్లు. ఉత్తర దేశాలవాళ్లు తాత పేరుతో హెరల్డ్ అన్నారు, చర్చిలో ఫ్యోదొర్, సొంత ప్రజలకు మ్స్తిస్లావ్. దాదాపు 1130లో ఇతను నోవ్‌గొరద్ దగ్గరి యూరియెవ్ మఠానికి రాసిచ్చిన తోలు పత్రం ఇప్పటికీ ఉంది. రూస్ రాజుల మూల పత్రాల్లో మిగిలినవాటిలో అదే అతి పాతది. మొదటి మాటలు ఇవి: 'సే అజు మిస్తిస్లావు వొలొదిమిరి సిను'. ఇదిగో నేను, వ్లదీమిర్ కొడుకు మ్స్తిస్లావ్. ఈ వ్లదీమిర్ పైన చెప్పిన వ్లదీమిర్ కాదు, అదే పేరున్న ఇంకొకరు. పోయిన అచ్చులు ఇందులో రాసి ఉన్నాయి. 'అజు' అంటే నేను. సంస్కృత 'అహమ్'కు చుట్టం. 'సిను' అంటే కొడుకు. పవనసూనుడు అనే మాటలోని 'సూను'. ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి ఇంత వెలిగిన పేరు అరుదెలా అయింది? 1223లో కల్కా నది దగ్గర మంగోలుల్ని ఎదుర్కొన్న రూస్ సేనలో ముగ్గురు ముఖ్య రాజులు ఉన్నారు: కీవ్ రాజు, చెర్నీగొవ్ రాజు, గాలిచ్ రాజు. ముగ్గురి పేరూ మ్స్తిస్లావే! అంత వాడుకలో ఉన్న పేరు, కానీ రాజవంశం లోపలే. మామూలు జనం తమ పిల్లలకు రాజుల పేర్లు పెట్టేవారు కాదు. 988లో రూస్ క్రైస్తవం తీసుకున్నాక బాప్టిజం పేర్లు వచ్చాయి, బిడ్డ పేరు చర్చి క్యాలెండర్‌లోని సెయింట్ల నుంచి తీసుకోవడం రివాజైంది. మొదటి వ్లదీమిర్, అతని కొడుకులు బోరిస్, గ్లేబ్ సెయింట్లుగా ఆ దారిన జనంలోకి వెళ్లారు. నోవ్‌గొరద్‌లో 1180లో చనిపోయిన ఇంకో మ్స్తిస్లావ్‌ను కూడా సెయింట్‌గా కొలిచారు. కానీ వ్లదీమిర్ పేరులా ఇది ఇంటింటికీ పాకలేదు. 14వ శతాబ్దానికి మాస్కో రాజులే ఇవాన్, సెమ్యోన్, ద్మీత్రి, వసీలి అయ్యారు. పేరు ఇంటిపేరులోకి తప్పుకుంది. 1610లో మాస్కోను నడిపిన ఏడుగురు ప్రభువుల పెద్ద పేరు ఫ్యోదొర్ మ్స్తిస్లావ్‌స్కీ. మ్స్తిస్లావ్ల్ అనే ఊరి నుంచి వచ్చిన ఇంటిపేరు అది.

తిరిగి కనిపించేది 19వ శతాబ్దంలో, అదీ అక్కడక్కడా. చిత్రకారుడు దొబుజీన్‌స్కీ 1875లో నోవ్‌గొరద్‌లో పుట్టాడు. గణిత శాస్త్రవేత్త కెల్దిష్ 1911లో రీగాలో పుట్టి, 1961 నుంచి 1975 వరకు సోవియట్ సైన్స్ అకాడమీ అధ్యక్షుడిగా ఉన్నాడు. సెల్లో వాయించే రోస్త్రొపోవిచ్ 1927లో బాకులో పుట్టాడు. 1989లో బెర్లిన్ గోడ దగ్గర కూర్చుని వాయించిన మనిషి. ముగ్గురూ మ్స్తిస్లావ్‌లే. రోస్త్రొపోవిచ్‌ను అందరూ స్లావా అని పిలిచేవారు. యారొస్లావ్, వ్యచెస్లావ్, రోస్తిస్లావ్ ఎవరైనా ఇంట్లో స్లావాయే. మాస్కో నుంచి వచ్చిన తెలుగు అనువాదాలు చదివి పెరిగినవాళ్లకు స్లావా అనే పిల్లాడు ఎదురై ఉంటే, ఆ పేరు వెనక ఏ పూర్తి పేరు దాక్కుందో వెతకడం మంచి సాధన.

ఈసారి మీ పని. వ్సెవొలొద్ పేరును విడదీయండి. 'వొలొద్' అంటే ఏలడం, ముందున్న ముక్క మీరు పట్టుకోవాలి. రెండోది, మ్స్తిస్లావిచ్ అంటే ఏమిటి? మూడోది కొంచెం కష్టం: యారొస్లావ్ల్, మ్స్తిస్లావ్ల్ అనే ఊరి పేర్ల చివర వచ్చిన 'ల్' ఏం చేస్తోంది? వచ్చే పాఠంలో ఆడవాళ్ల పేర్లు తీసుకుందాం: లుద్మీల, ప్రెద్‌స్లావ, దొబ్రొనెగ.