కార్లో కొత్త స్టీరియో బిగిస్తున్నారా? మూగబోకుండా ముందే చూసుకోవాల్సినవి

పండక్కి ఊరెళ్లేలోపు కార్లో కొత్త సెట్ మనమే పెట్టుకుందామనుకుంటే, మొదట బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పండి. డాష్‌బోర్డ్ వెనక పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) కనిపిస్తే అవి సాధారణంగా ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిని పీకొద్దు, కరెంటు చూసే మీటర్ కూడా పెట్టొద్దు.

కంపెనీ కప్లర్‌ని దయచేసి కోయకండి. మీ మోడల్‌కి సరిపడే కప్లర్ వైరింగ్ అడిగి తెచ్చుకుంటే రేపు పాత సెట్ మళ్లీ పెట్టాలన్నా ఇబ్బంది ఉండదు. కొత్త సెట్ వైర్లలో మామూలుగా పసుపు నేరుగా బ్యాటరీకి, ఎరుపు తాళం తిప్పితే వచ్చే కరెంటుకి, నలుపు ఎర్త్‌కి. తెలుపు, బూడిద రంగు జతలు ముందు స్పీకర్లవి, ఆకుపచ్చ, ఊదా వెనకవి. నల్ల చార ఉన్నది మైనస్. కారు వైపు రంగులు మాత్రం వేరేగా ఉంటాయి, రంగు కలిసిందని కలిపేయొద్దు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూడాల్సింది స్పీకర్ మైనస్. మా బావగారి పాత కారులో సెట్ పెడితే డిస్‌ప్లే వెలిగింది, వాల్యూమ్ అంకె 30 దాకా పెరిగింది, సౌండ్ మాత్రం లేదు. సెట్ బయటికి లాగి చూస్తే, అంతకుముందెవరో వెనక స్పీకర్ల మైనస్ వైర్లు రెండూ మెలేసి బాడీ స్క్రూకి బిగించారు. ఇప్పటి సెట్లలో స్పీకర్ మైనస్ ఎర్త్ కాదు. అందులోనూ సుమారు 6 వోల్టులు ఉంటాయి. బాడీకి తగిలితే సెట్ తనను తాను కాపాడుకోడానికి సౌండ్ ఆపేస్తుంది, లేదంటే లోపల సౌండ్ ఇచ్చే ఐసీ (చిప్) కాలిపోతుంది. ఆ రెండూ విప్పి, విడివిడిగా వాటి జతలకి కలిపాక పాట వచ్చింది. ఐసీ బతికింది కాబట్టి సరిపోయింది, అన్నిసార్లూ అలా జరగదు.

నాలుగు స్పీకర్లూ మూగగా ఉంటే ముందు సెట్టింగ్స్‌లో మ్యూట్, ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య సౌండ్ పంచేది) చూడండి. మ్యూట్ వైర్ (చాలా సెట్లలో గోధుమ రంగు) ఎర్త్‌కి తగిలినా సౌండ్ పోతుంది. వాడకపోతే దాని కొనకి టేప్ చుట్టండి. కారులో కంపెనీ ఆంప్లిఫయర్ ఉంటే నీలం-తెలుపు వైర్ దానికి కలపాలి, లేకపోతే అది ఆన్ కాదు.

ఒక్క స్పీకరే రాకపోతే దాని జతను సెట్ నుంచి విడదీసి, పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తాకించండి. డోర్‌లోంచి "టప్" మని వినిపిస్తే స్పీకర్ బాగున్నట్టే. వినిపించకపోతే డోర్ కీలు దగ్గరి రబ్బరు గొట్టంలో వైర్ తెగిందేమో చూడండి, తలుపు తీసి వేసి అక్కడే నలుగుతుంది.

ఫ్యూజ్ పోతే అదే ఆంపియర్ది వేయండి. 10 తీసి 20 పెడితే వైరింగే కాలిపోవచ్చు.

ఇదంతా సెట్‌ని సీటు మీద గుడ్డ పరిచి పెట్టుకుని చేయండి, నాలుగు స్పీకర్లూ విన్నాకే సెట్‌ని లోపలికి తోయండి. తోసేటప్పుడు బ్రాకెట్ రేకు అంచుకి వైర్లు నలగకుండా చేత్తో పక్కకి సర్దుతూ తోయాలి.