ఊరి పేరు కొడితే "అక్షరాలు కావు" అంటున్న ప్రోగ్రాంని సరిచెయ్యడం

పైథాన్ తెరిచి కొటేషన్లలో "పడవ" అని రాసి, చుక్క పెట్టి, ఈజ్‌ఆల్ఫా అని అడగండి. మాటలో ఉన్నవన్నీ అక్షరాలేనా అని చూసే ఫంక్షన్ అది. ట్రూ, అంటే అవును అంటుంది. అదే "లాంచీ"ని అడగండి, ఫాల్స్. "వల" పాసు, "గేలం" ఫెయిలు. "వరద" అక్షరాలేనట, "గోదావరి" మాత్రం కాదట. ఇంగ్లీషు పేర్లతో టెస్ట్ చేసి సైట్ పైకెక్కించేస్తే ఇది ఎక్కడా బయటపడదు, అమలాపురంలో ఏ కొబ్బరి వ్యాపారో తెలుగు కీబోర్డుతో ఊరి పేరు కొట్టాక "దయచేసి అక్షరాలు మాత్రమే రాయండి" అని ఎర్రగా వస్తుంది, ఆయన మీకు ఫోన్ చేసి "మా ఊరు పేరే తప్పంటందేంటండీ" అంటాడు. ఆయనకి ఏం చెప్తారు?

లాంచీని విప్పి చూస్తే సంగతి తెలుస్తుంది. ఎన్ని గుర్తులున్నాయో లెక్కపెట్టే లెన్‌ని అడిగితే 5 వస్తుంది, కంటికి కనిపించేవి రెండే అయినా. ఒక్కోదానికీ, గుర్తు నంబరు చెప్పే ఆర్డ్ పెట్టి చూడండి: ల 3122, దీర్ఘం 3134, సున్న 3074, చ 3098, గుడిదీర్ఘం 3136. అన్ని లిపుల గుర్తులకీ నంబర్లిచ్చే యూనికోడ్ ప్రతి గుర్తుకీ ఒక కేటగిరీ కూడా ఇచ్చింది. అచ్చులు, హల్లులు ఎల్‌తో మొదలయ్యే కేటగిరీలో ఉంటాయి, గుణింతం గుర్తులు, సున్న, పొల్లు ఎమ్‌తో మొదలయ్యేవాటిలో, అంకెలు ఎన్‌లో. ఈజ్‌ఆల్ఫా ఎల్‌ని తప్ప దేన్నీ ఒప్పుకోదు. అంటే గుణింతం, వత్తు, సున్న ఏవీ లేని మాటకే పాసు మార్కులు. కడప వాళ్లకి ఏ గొడవా లేదు, తిప్పలన్నీ మన భీమవరం, నరసాపురం వాళ్లకే.

కాబట్టి మీ చెక్ మీరే రాసుకోండి, పెద్ద పనేం కాదు. యూనికోడ్‌డేటా అనే మాడ్యూల్ పైథాన్‌తోనే వస్తుంది, ఇంపోర్ట్ చేసి, లూప్‌లో ఒక్కో గుర్తునీ దాని కేటగిరీ ఫంక్షన్‌కి ఇవ్వండి. రెండక్షరాల జవాబు వస్తుంది, అందులో మొదటిది ఎల్ గానీ ఎమ్ గానీ అయితే ముందుకెళ్లడం, కాకపోతే అక్కడే ఫాల్స్ ఇచ్చెయ్యడం. మొట్టమొదటి గుర్తు మాత్రం కచ్చితంగా ఎల్ అయి ఉండాలని పెట్టండి, లేకపోతే వేలు జారి కొట్టిన ఒంటి కొమ్ము కూడా పేరుగా చెల్లిపోతుంది. ఇంకోటి, ఖాళీ స్ట్రింగ్. ఈజ్‌ఆల్ఫా దానికి ఫాల్స్ ఇస్తుంది కానీ అన్నీ సరేనా అని చూసే ఆల్ ఫంక్షన్‌తో ఒక్క లైన్లో కానిచ్చేస్తే ఖాళీకి ట్రూ వస్తుంది, అందుకని దాన్ని ముందే ఆపండి.

కొంతమంది 3072 నుంచి 3199 వరకు తెలుగే కదా, ఆ మధ్యలో ఉంటే చాలు అని రాసేస్తారు. తెలుగు అంకెలు కూడా అక్కడే ఉన్నాయి, 3174 నుంచి 3183 దాకా, అవి దర్జాగా లోపలికొచ్చేస్తాయి. తెలుగు తప్ప వేరే లిపి వద్దనుకుంటే ఈ హద్దునీ, కేటగిరీనీ రెండూ కలిపి చూడాలి, ఎందుకంటే ఎల్, ఎమ్ అంటే తమిళం, ఒడియా కూడా పాసే.

జావాలో ఈజ్‌లెటర్ కూడా పైథాన్ దారే. ఈజ్‌ఆల్ఫాబెటిక్ వాడితే కాస్త నయం అనిపిస్తుంది, రస్ట్‌లో ఉన్నదీ ఇలాంటిదే, గుణింతాలనీ సున్ననీ ఒప్పుకుంటుంది, కాకినాడ, రావులపాలెం రెండూ పాసవుతాయి. దాంతో టెస్టింగ్ అయిపోయిందనుకుంటాం. కానీ వత్తు రాయాలంటే మధ్యలో పొల్లు పడుతుంది, నంబరు 3149, దాన్ని ఇవి ఒప్పుకోవు. ఈ గట్టున రాజమండ్రి, ఆ గట్టున కొవ్వూరు రెండూ ఫెయిలు. టెస్టుకి వత్తున్న పేరు ఒకటైనా పెట్టుకోండి.

జావాస్క్రిప్ట్‌లో రెజెక్స్ (మాటని పోల్చిచూసే నమూనా) చాలు: స్క్వేర్ బ్రాకెట్లలో బ్యాక్‌స్లాష్ పి, ఫ్లవర్ బ్రాకెట్లో పెద్ద ఎల్, మళ్లీ అలాగే పెద్ద ఎమ్, బయట ప్లస్, మొదట్లో క్యారెట్, చివర డాలర్. 2018 ఎడిషన్ నుంచి ఇది ఉంది. రెజెక్స్ చివర పెట్టే యు ఫ్లాగ్ మర్చిపోతే ఎర్రర్ కూడా రాదు, బ్యాక్‌స్లాష్ పి అంటే ఉత్త పి అనుకుని పని చేసుకుపోతుంది, అదే టెన్షన్. పైథాన్ సొంత ఆర్‌ఈ మాడ్యూల్‌కి ఈ పద్ధతి తెలీదు, మాడ్యూళ్లు తెచ్చిపెట్టే పిప్‌తో రెజెక్స్ అనే మాడ్యూల్ తెచ్చుకోవాలి, అందులో ఫుల్‌మ్యాచ్ (మొత్తం మాటని పోల్చేది) వాడండి, డాలర్‌తో అయితే చివర కొత్త లైన్ ఉన్నా సరేననేస్తుంది. ఇంగ్లీషుకే చెక్ రాసేవాళ్లు పెద్ద ఏ నుంచి చిన్న జెడ్ దాకా ఒకే రేంజ్ పెట్టకండి, ఆ మధ్యలో 91 నుంచి 96 వరకు బ్రాకెట్లు, అండర్‌స్కోర్ లాంటివి ఆరు కూర్చున్నాయి.

ఇంత చేశాక కూడా "రామ్‌కుమార్" ఫెయిలవ్వచ్చు. మ్ తర్వాత క వత్తుగా కిందికి దిగకుండా కీబోర్డు అక్కడ కంటికి కనపడని గుర్తు ఒకటి పెడుతుంది, నంబరు 8204. అది ఎల్ కాదు, ఎమ్ కాదు, 3199 లోపలా లేదు. పొల్లు తర్వాత వస్తే ఒప్పుకోండి, పేరు చివర్న మిగిలిపోతే తీసెయ్యండి, అటూ ఇటూ ఖాళీలు తీసే మామూలు స్ట్రిప్ దాన్ని తియ్యదు.

అసలు పేర్లకి, ఊళ్లకి ఈ చెక్ పెట్టే ముందు ఒకసారి ఆగండి. మన దగ్గర ఇంటిపేరు పొడి అక్షరాలు, చుక్కలు లేకుండా పేరు రాసేవాళ్లు ఎంతమంది? పి. గన్నవరం, ఐ. పోలవరం మండలాల పేర్లే. 2022లో వచ్చిన జిల్లా పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ, అందులో చుక్కలూ ఉన్నాయి, ఖాళీలూ ఉన్నాయి. ఇలాంటి గడుల్లో చుక్క, ఖాళీ, హైఫన్ ఒప్పుకోండి. అంకెల్ని మాత్రం ఆపండి, అదీ ఫోన్ నంబరు పొరపాటున పేరు గడిలో కొట్టేవాళ్లని పట్టుకోవడానికే.