గోడ మీద టచ్‌స్క్రీన్ పెట్టేముందు, దాన్ని వాడేది ఎవరో చూసుకోండి

మా ఇల్లు ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో. డాబా మీద ట్యాంకు నిండిందో లేదో చూడడానికి మా అమ్మ మొన్నమొన్నటిదాకా రోజూ పొద్దున్నే మెట్లెక్కేది. ట్యాంకులో సెన్సర్ అప్పటికే ఉంది, నీళ్లు ఎంతున్నాయో చూపించే యాప్ కూడా ఉంది, కానీ అది నా ఫోన్లో ఉంది, నేనేమో పొద్దున ఎనిమిదికే డ్యూటీకి వెళ్లిపోతాను. ఇల్లంతా ఆటోమేషన్ చేసేశానని సంబరపడ్డాను గానీ, జరిగిందల్లా స్విచ్చులన్నీ నా జేబులోకి రావడమే. డెబ్బై రెండేళ్ల మనిషి మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కుతుంటే చూసి, అప్పుడు ఇంట్లో లైట్లూ మోటారూ అందరూ నడుపుకునేలా గోడకి ఒక టచ్‌స్క్రీన్ పెట్టాలని కూర్చున్నాను.

అందుకే ముందుగా చెబుతున్నాను, గోడ స్క్రీన్ ఫోన్ ఉన్నవాళ్ల కోసం కాదు. ఫోన్ వాడని పెద్దవాళ్లు, ఫోన్ ఇవ్వకూడని పిల్లలు, ఇంట్లో పనికి వచ్చేవాళ్లు, నాలుగు రోజులు ఉండి వెళ్లే చుట్టాలు, వీళ్ల కోసం. ఏ సైజు కొనాలి, ఎంత ఎత్తులో పెట్టాలి, ఏ బటన్లు ఉంచాలి అన్నవన్నీ వాళ్లని చూసే తేల్చుకోవాలి.

కొనేముందు చూడాల్సిన మొదటి విషయం, ఇంటర్నెట్ లేకపోయినా అది పని చేస్తుందా లేదా. మన ప్రాంతంలో దీనికన్నా ముఖ్యమైన ప్రశ్న లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి మా గజపతి జిల్లా మీదికి వచ్చినప్పుడు స్తంభాలు, చెట్లు, కేబుళ్లు అన్నీ ఒక్కసారే పడిపోయాయి. ఇక్కడ ఉండేవాళ్లకి ఆ రోజులు గుర్తే. తుపాను దాకా ఎందుకు, మామూలు గాలివానకే నెట్ పోతుంది. నేను మొదట కొన్న రెడీమేడ్ ప్యానెల్ చూడ్డానికి భలే ఉండేది గానీ, మనం నొక్కిన నొక్కు కంపెనీ సర్వర్ దాకా వెళ్లి తిరిగి వస్తే తప్ప పక్కగదిలో లైటు వెలిగేది కాదు. ఇన్వర్టర్ మీద ఇంట్లో కరెంటు ఉంది, బల్బు బాగానే ఉంది, వెలగదు. అమ్మకి అది ఎలా సమర్థించి చెప్పాలో నాకు తెలియలేదు. మీరు ఏది కొన్నా, వాపసు ఇచ్చే గడువు లోపలే ఒక పరీక్ష చేయండి: రూటర్‌ని ఆపకుండా, దానిలోకి బయటి నుంచి వచ్చే నెట్ వైరు ఒక్కటి పీకేసి, గోడ మీద బటన్ నొక్కండి. లైటు వెలిగితే ఉంచుకోండి, వెలగకపోతే ఆ రోజే ప్యాక్ చేసి పంపేయండి.

ఈ బాధ లేకుండా ఉండాలంటే ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ నడుపుకోవడం మంచి దారి, ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ అదే నడుపుతుంది. కంప్యూటర్‌గా అరచేతిలో పట్టే రాస్ప్‌బెర్రీ పై 4 చాలు, సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ లైట్లూ సెన్సర్లూ కూడా బయటి నెట్ అక్కర్లేకుండా లోకల్‌గా మాట్లాడే రకమైతే పెత్తనమంతా ఇంట్లోనే ఉంటుంది. ఆ కంప్యూటర్, రూటర్, గోడ స్క్రీన్ మూడూ ఇన్వర్టర్ లైను మీదే ఉండాలి. మా ఇంట్లో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ ట్యూబ్‌లైట్లకీ మాత్రమే లాగి ఉంది, రూటర్ ఉన్న ప్లగ్గు దానిలో లేదు, కరెంటు పోయిన మొదటి రోజు గానీ అది బయటపడలేదు.

ఇప్పుడు స్క్రీన్ సంగతి. రెండు రకాలున్నాయి. ఒకటి స్విచ్ బోర్డు స్థానంలో బిగించే చిన్న ప్యానెల్, నాలుగంగుళాల లోపు స్క్రీన్. రెండోది మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్ కొని గోడకి బిగించుకోవడం. చిన్న ప్యానెళ్లతో మనకి వచ్చే చిక్కు ఏంటంటే, బయటి నుంచి వచ్చేవి చాలావరకు 86 మిల్లీమీటర్ల చదరపు ప్లేటు కొలతతో తయారవుతాయి, మన గోడల్లో ఉన్నవేమో మాడ్యులర్ స్విచ్చుల మెటల్ బాక్సులు, ఆ స్క్రూ కన్నాలు వీటికి కలవవు. కొనేముందు బోర్డు ప్లేటు ఊడదీయించి బాక్సు పొడవు, వెడల్పు, లోతు స్కేలు పెట్టి కొలవండి. ఇంకోటి న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు. ప్యానెల్ ఎప్పుడూ వెలుగుతూ ఉండాలి కాబట్టి దానికి ఫేజూ (కరెంటు వచ్చే వైరు) న్యూట్రలూ రెండూ కావాలి, పాత ఇళ్లలో లైటు స్విచ్చులు మాత్రమే ఉన్న బోర్డుకి చాలాసార్లు ఫేజు ఒక్కటే దింపుతారు. బోర్డులో ప్లగ్ పాయింటు ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే. బెడ్‌రూమ్‌లో మంచం పక్కన ఫ్యాను, లైటు వరకైతే చిన్న ప్యానెల్ సరిపోతుంది. హాల్లో మాత్రం ట్యాబే పెట్టమంటాను, ఎందుకంటే అది పాడైతే అదే సైజులో ఇంకోటి పెట్టుకోవచ్చు, స్క్రీన్ పెద్దది, అక్షరాలు పెద్దవి.

ట్యాబ్ ఎనిమిది నుంచి పది అంగుళాలు ఉండాలి, ర్యామ్ 4 జీబీకి తగ్గకూడదు. రెండు జీబీ వాటి మీద పేజీ తెరుచుకోవడానికే టైం పడుతుంది, నొక్కిన వెంటనే లైటు వెలగకపోతే పెద్దవాళ్లు మళ్లీ నొక్కుతారు, అప్పుడది వెలిగి ఆరిపోతుంది. తెర ఎల్‌సీడీ అయితే మంచిది, ఓఎల్ఈడీ మీద రోజంతా ఒకే బొమ్మ ఉంటే అచ్చు పడిపోతుంది. చార్జింగ్ పిన్ను ఏ పక్క ఉందో చూసుకోండి, అడ్డంగా బిగించాక వైరు ఆ పక్క నుంచే బయటికి వస్తుంది.

గోడకి కన్నం పెట్టేముందు ఒక పని చేయండి, దీనికి పైసా ఖర్చు లేదు. ట్యాబ్ సైజులో అట్టముక్క కత్తిరించి, అనుకున్న చోట గమ్ టేపుతో అంటించి వారం రోజులు వదిలేయండి. నేను నా కళ్ల ఎత్తుకి అంటించాను. అమ్మ చెయ్యెత్తి చూపించింది, పై వరస బటన్లు వచ్చే చోటు అందలేదు. నాలుగడుగులకి దించాను. మూడో రోజు మధ్యాహ్నం మూడు దాటాక పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా ఆ అట్ట మీదికి వచ్చి పడింది. అది ట్యాబ్ అయ్యుంటే తెర కనపడకపోవడం ఒక ఎత్తు, వెనకాల బ్యాటరీ ఉడికిపోవడం ఇంకో ఎత్తు. అందుకని దేవుడి గది పక్క గోడకి మార్చాను. వంటింట్లో పెట్టాలనుకుంటే పొయ్యికీ సింకుకీ దూరంగా పెట్టండి, తడిచేతిని టచ్ సరిగ్గా పట్టుకోదు, పోపు ఆవిరి తెర మీద జిడ్డులా పేరుకుంటుంది.

కరెంటు పని మాత్రం మీరు చేయకండి. నేను పాతపట్నం నుంచి తెలిసిన ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చేయించాను, మెయిన్ ఆపి, టెస్టర్ పెట్టి చూశాకే చెయ్యి పెట్టాడు. గుర్తుంచుకోవాల్సినవి రెండు: 230 వోల్టుల వైర్లూ, యూఎస్‌బీ లేదా ల్యాన్ వైరూ ఒకే పైపులోంచి లాగకూడదు, చార్జర్ అడాప్టర్‌ని గాలాడకుండా గోడలో పెట్టి పూత పూసేయకూడదు. సన్నటి యూఎస్‌బీ వైరు నాలుగైదు మీటర్లు లాగితే వోల్టేజి పడిపోయి, చార్జింగ్ గుర్తు కనిపిస్తూనే బ్యాటరీ దిగిపోతూ ఉంటుంది. ప్లగ్ పాయింటే దగ్గరికి తెప్పించి, మంచి వైరు మీటరు లోపల వాడండి.

బ్యాటరీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే గోడకి పెట్టిన ట్యాబులు పాడయ్యేది ఎక్కువగా దీనివల్లే. ఇరవై నాలుగ్గంటలూ చార్జర్‌కి తగిలించి నూరు శాతం మీద ఉంచితే, అందులోనూ మన వేసవి వేడిలో, లిథియం బ్యాటరీ ఉబ్బుతుంది, ఉబ్బి తెరని ముందుకి తోస్తుంది, అగ్గి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. కొన్ని ట్యాబుల్లో చార్జింగ్‌ని ఎనభై దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటుంది, ఉంటే వెంటనే ఆన్ చేయండి. లేకపోతే చార్జర్‌ని స్మార్ట్ ప్లగ్‌కి (హోమ్ అసిస్టెంట్ ఆన్, ఆఫ్ చేయగల ప్లగ్) పెట్టి, బ్యాటరీ ముప్ఫైకి దిగితే ప్లగ్ ఆన్, డెబ్బైకి ఎక్కితే ఆఫ్ అని ఆటోమేషన్ రాసుకోండి, ట్యాబ్‌లోని హోమ్ అసిస్టెంట్ యాప్ బ్యాటరీ ఎంతుందో తనే చెబుతుంది. దాంతో పాటు హోమ్ అసిస్టెంట్ రీస్టార్ట్ అయినప్పుడు ప్లగ్ ఆన్ అయ్యేలా ఇంకో చిన్న ఆటోమేషన్ కూడా రాయండి, లేదంటే ప్లగ్ ఆఫ్‌లో ఉండిపోయి ట్యాబ్ చచ్చిపోతుంది.

ట్యాబ్‌లో ఫుల్లీ కియోస్క్ బ్రౌజర్ అనే యాప్ వేసుకోండి. మీ పేజీ ఒక్కటే తెర నిండా కనిపిస్తుంది, ఆన్ అవగానే అదే తెరుచుకుంటుంది, పిన్ లేకుండా బయటికి రాలేరు కాబట్టి పిల్లలు యూట్యూబ్‌లోకి జారిపోరు. మనిషి ఎదురుగా వస్తే తెర వెలిగేలా ముందు కెమెరాని వాడుకునే సౌకర్యం కూడా ఉంది, ఈ పిన్ తాళం, కెమెరా సౌకర్యం రెండూ డబ్బులు కట్టే ప్లస్ లైసెన్సులోనివి. నేను బెడ్‌రూమ్‌లో కెమెరా వాడనివ్వను, అక్కడ చిన్న మోషన్ సెన్సర్ పెట్టాను. రూటర్‌లో హోమ్ అసిస్టెంట్ కంప్యూటర్‌కి ఐపీ (ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా) మారకుండా కట్టేయండి, మారితే గోడ మీద తెల్లటి ఖాళీ పేజీ కనిపిస్తుంది.

ఇక తెర మీద ఏం పెట్టాలి. తక్కువ పెట్టండి. మొదట్లో నేను ముప్ఫై బటన్లు, నెట్ స్పీడు, కరెంటు గ్రాఫు అన్నీ పెట్టాను, అమ్మ దూరం నుంచే చూసి వెళ్లిపోయేది. ఇప్పుడు మొదటి పేజీలో ఎనిమిదే, ఒక్కోటి రెండు వేళ్లు పట్టేంత వెడల్పు, పేర్లు తెలుగులో: హాలు ఫ్యాను, వరండా లైటు, దేవుడి గది, మోటారు. హోమ్ అసిస్టెంట్‌లో ఏ పరికరానికైనా కనిపించే పేరు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు. ఇంట్లో పనికి వచ్చే అమ్మాయిది ఒడియా, తెలుగు చదవలేదు, అందుకని ప్రతి పేరు పక్కన బొమ్మ పెట్టాను. నేను అనుకోకుండా జరిగింది ఇంకోటి ఉంది. మా అబ్బాయి ఇంట్లో తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ బడిలో ఇంగ్లీషు, ఒడియా తప్ప తెలుగు అక్షరం లేదు. వాడు రోజూ ఆ గోడ ముందు నిలబడి ‘వ-రం-డా’ అని కూడబలుక్కుని చదువుతుంటే, వాళ్ల నానమ్మ వెనక నుంచి దిద్దుతోంది. సరిహద్దు ఊళ్లలో ఉన్న తెలుగువాళ్లు ఈ బటన్ల పేర్లు ఇంగ్లీషులో వదిలేయకండి, దయచేసి.

మోటారు బటన్ మాత్రం వేరుగా చూడాలి. ఒక రాత్రి తెర వెలుగుకి పురుగులు చేరితే, వాటి కోసం బల్లి వచ్చి తెర మీద పాకింది, దాని కాలు తగిలి మోటారు ఆన్ అయింది, ట్యాంకు పొంగి నీళ్లు డాబా మీంచి కారుతుంటే లేచాను. బల్లి కాలిని కూడా ఈ తెర వేలిలాగే పట్టుకుంటుంది. అప్పటినుంచి మోటారు బటన్ నొక్కితే ‘మోటారు వేయమంటారా?’ అని మళ్లీ అడిగేలా పెట్టాను, ట్యాంకు నిండితే, లేదా ఇరవై నిమిషాలు దాటితే దానంతటదే ఆగుతుంది. మోటారు కరెంటుని చిన్న స్మార్ట్ రిలే (హోమ్ అసిస్టెంట్ చెప్పినట్టు కరెంటుని కలిపి విడదీసే చిన్న స్విచ్) గుండా నేరుగా పంపకండి, మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు మామూలుకి ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది, రిలే కాంటాక్టులు అతుక్కుపోతే ఇక ఆపినా ఆగదు. రిలే కాంటాక్టర్‌ని (ఎక్కువ కరెంటుని తట్టుకునే పెద్ద స్విచ్) నడపాలి, కాంటాక్టర్ మోటారుని నడపాలి.

రాత్రి పది దాటాక తెర పూర్తిగా ఆరిపోయేలా పెట్టుకుంటే పురుగులూ రావు, బల్లులూ రావు, నిద్రా చెడదు. గోడకున్న పాత స్విచ్చులు ఒక్కటి కూడా తీసేయకండి, రిలేని స్విచ్ వెనకే పెట్టించండి, స్క్రీన్ పోయిన రోజు చెయ్యి స్విచ్ మీదికే వెళ్తుంది.

నెలకోసారి ట్యాబ్‌ని స్టాండులోంచి తీసి వీపు వైపు చూడండి. పొడి గుడ్డతో తుడిచి, బల్ల మీద వెల్లకిలా పెట్టండి. ఎటూ ఊగకుండా బల్లకి ఆనుకుని ఉంటే పర్వాలేదు. మధ్యలో ఉబ్బెత్తుగా ఉండి గుండ్రంగా తిరిగితే చార్జర్ పీకేసి, మళ్లీ గోడకి పెట్టకుండా, బ్యాటరీ మార్చేవాళ్లకి ఇవ్వండి. గోడలో బాక్సు కూడా ఒకసారి టార్చి వేసి చూడండి, వానాకాలంలో చీమలు అందులోనే గుడ్లు పెడతాయి.