కడుపులో మంట, రిపోర్టులో కొలెస్ట్రాల్: చిక్కు ఎక్కడుంది?

తిరుపతిలో మా మందుల షాపుకు పొద్దున్నే వచ్చి "అప్పా, ఒక గ్యాస్ మాత్ర ఇయ్యి" అనేవాళ్లు ఎక్కువ. ఆమధ్య ఒక పెద్దాయన మాత్రతోపాటు రక్తపరీక్ష కాగితం కూడా నా ముందు పెట్టాడు. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 34, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 158. "మాంసం మానేసి ఏడాదైంది. సంగటి, పప్పు తప్ప ముట్టను. కడుపు మంటకూ దీనికీ ఏమన్నా సంబంధం ఉందా?" అన్నాడు. కొంత ఉంది.

సమస్య: మాత్ర వేసుకున్నన్నాళ్లు హాయి, ఆపితే మళ్లీ మంట.
కారణం: హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా కావచ్చు. అందరూ కారం, టెన్షన్ అంటున్న రోజుల్లో ఆస్ట్రేలియాలో మార్షల్, వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని పట్టుకున్నారు. నమ్మనివాళ్ల కోసం 1984లో మార్షల్ దాన్ని తానే తాగి కడుపు పాడుచేసుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మనం మాత్రం ఇంకా ఊరిబిండి పచ్చడినే తిడుతున్నాం.
పరిష్కారం: ఊపిరి ఊదే యూరియా పరీక్ష, లేదా మలంలో యాంటిజెన్ (ఆ బ్యాక్టీరియా ఆనవాలు) పరీక్ష. డాక్టరుకు చెప్పి, పరీక్షకు ముందు పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రెండు వారాలు ఆపాలి. యాంటీబయాటిక్స్ వాడి నాలుగు వారాలు దాటి ఉండాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేదని వస్తుంది. రక్తంలో యాంటీబాడీ పరీక్షను నమ్ముకోవద్దు, ఎప్పుడో వచ్చి పోయినదాన్నీ అది చూపిస్తుంది.
మలం నల్లగా తారులా వచ్చినా, మంటతోపాటు చెమటలు పట్టి ఎడమచెయ్యి లాగినా షాపుకు రావద్దు, నేరుగా ఆసుపత్రికి పోండి.

సమస్య: నూనె తగ్గించినా హెచ్‌డీఎల్ పెరగదు.
కారణం: ఈ బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో హెచ్‌డీఎల్ తక్కువగా, ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉండటం చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఏళ్ల తరబడి కడుపులో రగిలే వాపు ఒంట్లో కొవ్వు లెక్కను మారుస్తుందని ఊహ. బ్యాక్టీరియా పోయాక హెచ్‌డీఎల్ కొద్దిగా పెరిగినవాళ్లున్నారు, పెరగనివాళ్లూ ఉన్నారు. అందుకే నేనైతే తప్పంతా దాని మీద వేయను.
పరిష్కారం: థైరాయిడ్, షుగర్ కూడా చూపించుకోండి. నడక మానొద్దు.

సమస్య: రెండింటికీ ఒకేసారి మందులు, ఆపైన ఒళ్లంతా నొప్పులు.
నాకు భయం దీని గురించే. పైలోరీ కోర్సు సాధారణంగా 14 రోజులు. అందులో క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటే, సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటి కొలెస్ట్రాల్ మాత్రలు ఒంట్లోంచి త్వరగా పోవు, పేరుకుంటాయి. కండరాలు దెబ్బతినొచ్చు. మూత్రం ముదురు గోధుమరంగులోకి మారితే కిడ్నీకే ముప్పు. కొలెస్ట్రాల్ మాత్ర వాడుతున్నానని ముందే చెబితే డాక్టరు దాన్ని కొన్నాళ్లు ఆపడమో, మందు మార్చడమో చేస్తారు. మీ అంతట మీరు ఆపొద్దు. కోర్సు ముగిశాక నాలుగు వారాలు ఆగి ఊపిరి పరీక్ష మళ్లీ చేయించండి.

ఆ పెద్దాయనను "కొలెస్ట్రాల్‌కు ఏం వాడుతున్నావు నాయనా?" అని అడిగితే, చొక్కా జేబులోంచి కత్తెరతో కత్తిరించిన రెండు మాత్రలు తీశాడు. పేరున్న ముక్క ఎప్పుడో చెత్తలో పడేశాడు. "ఇంటికి పోయి డాక్టరు చీటీ తీసుకురా" అని పంపించాను.