చెరువు కాలువకు చెక్కభజన: పాట కట్టడం నుంచి పార పట్టడం దాకా

కొండ వాగు నీళ్లను చెరువుకు చేర్చే కాలువ పూడిపోయిన ఊళ్లకు చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో కొదవ లేదు. చేతిలో చెక్కలు వాయిస్తూ అడుగులేసి పాడే చెక్కభజన వచ్చినవాళ్లకూ కొదవ లేదు. ఈ రెంటినీ కలిపి, పాటతో ఊరిని కదిలించి కాలువ తీయించాలంటే వేసవిలోనే మొదలుపెట్టాలి. అక్టోబరు తర్వాత పడే ఈశాన్య రుతుపవనాల వానలే మన చెరువులకు పెద్ద దిక్కు. ఏప్రిల్‌లో పాట కట్టి, మేలో సాధన చేసి, జూన్ జూలైలలో కాలువ పని ముగిస్తే సరిపోతుంది.

పాట కట్టే ముందు కాలువ వెంట నడవాలి. చెరువు నీళ్లు పొలాలకు పంచే ఊరి నీరుగంటినో, లేకుంటే ఆయకట్టులో కయ్య (మడి) ఉన్న ముసలాయన్నో వెంటబెట్టుకుని కొండ వాగు మొదలు చెరువు దాకా వెళ్లండి. నీళ్లు ఆగే ప్రతి చోటూ రాసుకోండి: ఎక్కడ కంప, ఎక్కడ మట్టి మేట, ఏ మోరిలో ప్లాస్టిక్ కవర్లు. మీ పాటకు సరుకు ఇదే. 'చెట్లను కాపాడుదాం, నీటిని పొదుపు చేద్దాం' అని గోడమీది రాతల్లాంటి మాటలు కడితే జనం తలూపి ఇంటికి పోతారు. 'మర్రికాడ కంప బలిసింది' అంటే మాత్రం ఆ మర్రి తెలిసినవాడు తల తిప్పి చూస్తాడు.

బాణీ కొత్తది వద్దు, జట్టుకు కాళ్లలో ఉన్నదే తీసుకోండి. సువ్వి పాట, గొబ్బి పాట, జాజర వరసల్లో అన్నమయ్య అంతటివాడే కీర్తనలు కట్టాడు, మనకు నామోషీ ఎందుకు? తకిట తకిట నడకలో ఒక నమూనా:

ఎగువకొండ మీదవాన కురిసెనంట చూడరా
దిగువచెరువు కట్టకింద కయ్యలేల ఎండెరా
(వంత) యాడ ఆగె యాడ ఆగె కొండనీళ్లు యాడరా
మర్రికాడ కంపబలిసె మట్టిమేట వేసెరా
మోరిలోన కవర్లన్ని అడ్డుకట్ట కట్టెరా
పారపట్టి గుంతతవ్వి వేరుతోడ పెరకరా

ప్రతి పాదంలో నాలుగు ముక్కలు, ముక్కకు ఆరు మాత్రలు, అంటే రెండు తకిటలు. పొట్టి అక్షరానికి ఒక మాత్ర; దీర్ఘానికి, సున్నా ఉన్నదానికి, ఒత్తక్షరానికి ముందున్నదానికి రెండు. చివరి ముక్కలో ఐదే. మిగిలిన ఆ ఒక్క మాత్రలో ఊపిరి పీల్చుకోవాలి. అది వదలకుండా మాటలు నింపితే రెండో చుట్టుకే జట్టు రొప్పుతుంది, అడుగు తప్పుతుంది. మీరు కట్టిన మాటల్ని వేళ్లమీద లెక్కబెట్టి చూసుకోండి. 'పర్యావరణ' అనే మాటకు ఏడు మాత్రలు, తకిట తకిటలో ఇమడదు. పోనీయండి, ఆ మాట లేకపోతే పాటకు వచ్చిన నష్టమేమీ లేదు.

జట్టుకు పదహారు మంది, నడుమ తాళంతో గురువు, ఒక డోలక్, నాలుగు పలకలు (తోలు డప్పులు) చాలు. అడుగుల్లో జతలు కలవాలి కాబట్టి ఆడేవాళ్లు సరిసంఖ్యలో ఉండాలి. అసలు చిక్కు మనుషుల్ని కూర్చడంలోనే వస్తుంది. చాలా ఊళ్లలో భజన ఒక వీధిది, పలక ఇంకో వాడది. సాధన గుడి ముందర పెడితే కొందరు రారు, ఇంకొందరు దూరంగా నిలబడతారు. బడి ఆవరణలోనో చెరువు కట్ట మీదో పెట్టండి. పలక వాయించేవాళ్లను బయట నిలబెట్టకుండా వలయంలోకి తీసుకోండి. ఆ రోజు వాళ్లు పోగొట్టుకునే కూలి చందాల్లోంచి ముందే ఇచ్చేయండి. ఆడవాళ్లకు కోలాటం వస్తే అదే పాటకు కోలలు వేయించవచ్చు, నడక ఒకటే.

మొదటి వారం పాత పాటతో అడుగులు మాత్రమే, రెండో వారం నుంచి కొత్త మాటలు. రెండూ ఒకేసారి నేర్పితే రెండూ రావు. తోలు పలక చెమ్మకు వదులై బొదబొదమంటుంది. ఎండుగడ్డి మంట దగ్గర తిప్పుతూ కాచి, వేలితో కొడితే ఖంగుమనేదాకా చూడాలి. మంటకు మరీ దగ్గర పెడితే తోలు పగులుతుంది. మైకు లేకుండానే ఊరంతా వినిపిస్తుంది. పెట్టాలనుకుంటే పోలీసు అనుమతి తీసుకోండి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా వాడకూడదు.

మొదటి ఆట భారతం (ఊరి మహాభారత ఉత్సవం) జరిగే మిట్ట దగ్గరో, గంగమ్మ జాతర రోజునో పెడితే జనం కోసం వేరే వెతుక్కోనక్కర్లేదు. ఆట ముగిసిన చోటే, చెక్కలు చేతిలో ఉండగానే, పని పంచేయండి: కాలువను యాభై అడుగుల ముక్కలు చేసి ముక్కకు నాలుగిళ్లు. 'ఎప్పుడో ఒక ఆదివారం' అన్నారంటే ఆ ఆదివారం రాదు. కాలువను ఎవరైనా తమ పొలంలో కలిపేసుకుని ఉంటే పాటలో పేరెత్తకండి, పాట తగవవుతుంది. గ్రామ సర్వేయరుతో హద్దు కొలిపించండి.

పని రోజు గజ్జెలు విప్పేసి మందపాటి చెప్పులు వేసుకోవాలి. సర్కారు తుమ్మ ముల్లు పలచటి రబ్బరును దాటి పాదంలో దిగుతుంది. ఆ చెట్టును నేలమట్టానికి నరికితే నాలుగు కొమ్మలై లేస్తుంది. అందుకే పాటలో 'గుంతతవ్వి' అన్నది: మొదలు చుట్టూ అడుగు లోతు తవ్వి వేరుముడితో పెరకాలి. కాయలు తిన్న మేకల పెంటికల్లోంచి విత్తనాలు మళ్లీ మొలుస్తాయి, కాబట్టి కాయ రాలక ముందే కొట్టడం మేలు. ఇరవై నిమిషాలు పని, ఐదు నిమిషాలు పాట. వంత ఎత్తుకున్నప్పుడే నీళ్ల బిందె తిప్పండి.

చెరువులో మట్టి తీయాలంటే పంచాయతీని, జలవనరుల శాఖను అడగకుండా ముట్టకండి. కట్ట మొదట్లో అసలే తవ్వకూడదు. 2021 నవంబరు వానలకు రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్ట లీకై కింది ఊళ్లను ఖాళీ చేయించారు.

మొదటి పెద్ద వాన పడ్డ మరునాడు జట్టు మళ్లీ కాలువ వెంట నడవాలి. నీళ్లు కొత్తగా ఎక్కడ ఆగాయో చూసి, 'మర్రికాడ' తీసేసి ఆ చోటు పేరు పాటలో పెట్టండి.