కీపర్ లీగ్‌లో తప్పు ఎక్కడ జరుగుతోంది? సమస్య, కారణం, పరిష్కారం

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో కొత్త ఉద్యోగంలో చేరగానే మనవాళ్లని ఎవరో ఒకరు ఆఫీసు ఫాంటసీ ఫుట్‌బాల్ లీగ్‌లోకి లాగేస్తారు. ఫుట్‌బాల్ అంటే ఇక్కడ ఎన్ఎఫ్ఎల్, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్. ఫాంటసీ అంటే అసలు ఆటగాళ్లతో మీరో ఊహా టీమ్ కట్టుకుంటారు, మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి మీకు పాయింట్లు వస్తాయి. మొదటి సీజన్ ఎలాగోలా గడిచిపోతుంది. రెండో ఏడాది ఆగస్టులో "మీ కీపర్లు ఎవరో చెప్పండి" అని కమిషనర్ (లీగ్ నడిపేవాడు) మెసేజ్ పెడతాడు. అసలు టెన్షన్ అప్పుడు మొదలవుతుంది.

పోయినేడాది టీమ్‌లోంచి ఒకరిద్దరిని ఉంచుకోవడమే కీపర్ పద్ధతి. ఊరికే కాదు, దానికి ధర ఉంటుంది: డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు రౌండ్లవారీగా ఆటగాళ్లని ఎంచుకునే చోట) ఒక రౌండ్ పిక్, అంటే ఎంపిక, వదులుకోవాలి, లేదా వేలం బడ్జెట్‌లోంచి కొంత కట్టాలి. ఐపీఎల్ రిటెన్షన్ చూసినవాళ్లకి ఇది కొత్త కాదు. 2025 మెగా వేలానికి ముందు సన్‌రైజర్స్ హైదరాబాద్ క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్ శర్మకీ హెడ్‌కీ చెరో 14, మన విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 6 కోట్లు పెట్టింది. మొత్తం 75 కోట్లు పోగా, 120 కోట్లలో వేలానికి మిగిలింది 45. ఈ అయిదుగురిలో పెద్ద పేరు ఎవరిది అన్నది ఒక ప్రశ్న. పెట్టిన డబ్బుకి ఎవరు ఎక్కువ గిట్టుబాటు అన్నది వేరే ప్రశ్న. కీపర్ లీగ్‌లో మీరు జవాబు వెతకాల్సింది రెండోదానికి.

సమస్య: పెద్ద స్టార్‌ని ఉంచుకున్నా టీమ్ పలచగానే ఉంది

కారణం: అతనికి మార్కెట్‌లో ఎంత ధర ఉందో మీరూ అంతే కట్టారు. 2024లో రిసీవర్ (విసిరిన బంతిని పట్టేవాడు) జమార్ చేజ్ 127 క్యాచ్‌లు, 1,708 యార్డులు, 17 టచ్‌డౌన్‌లతో (బంతిని అవతలి గీత దాటించడం) మూడింటిలోనూ ఎన్ఎఫ్ఎల్‌లో మొదటి స్థానంలో నిలిచాడు. కానీ మరుసటి ఏడాది అతన్ని ఉంచుకోవడానికి మీ మొదటి రౌండ్ పిక్కే పోతుందంటే మీకు మిగిలే లాభం చాలా తక్కువ. పుకా నకువా సంగతి చూడండి. 2023 ఎన్ఎఫ్ఎల్ డ్రాఫ్ట్ అయిదో రౌండ్‌లో రామ్స్ టీమ్‌కి వచ్చిన ఈ రిసీవర్ కుర్రాణ్ని చాలా ఫాంటసీ లీగుల్లో డ్రాఫ్ట్ రోజున ఎవరూ పట్టించుకోలేదు. 105 క్యాచ్‌లు, 1,486 యార్డులతో రెండింటిలోనూ రూకీ (మొదటి ఏడాది ఆటగాడి) రికార్డులు కొట్టాడు. వేవర్‌లో (ఎవరూ తీసుకోకుండా మిగిలినవాళ్లలోంచి) పట్టుకున్నవాళ్లకి మరుసటి ఏడాది చివరి రౌండ్ల ధరకే దొరికాడు. 2024లో గాయంతో కొన్ని ఆటలు పోయినా, ఆ ధరకి ఎవరూ నష్టపోలేదు.

పరిష్కారం: ప్రతి ఆటగాడి పేరు పక్కన రెండు అంకెలు రాసుకోండి. ఒకటి అతని ఏడీపీ రౌండ్, అంటే ఈ ఏడాది డ్రాఫ్టుల్లో సగటున ఎక్కడ పోతున్నాడో అది. రెండోది మీరు కట్టాల్సిన రౌండ్. ఏడీపీ మీ లీగ్ నడిచే యాప్‌లోనే, ఈఎస్‌పీఎన్, యాహూ, స్లీపర్ ఏదైనా సరే, దొరుకుతుంది.

చాలామంది ఇక్కడే ఒక రౌండ్ నుంచి ఇంకో రౌండ్ తీసేసి, తేడా ఎక్కువున్నవాణ్ని ఉంచుకుంటారు. అది సరిపోదు. మొదటి రౌండ్ వాడు మూడో రౌండ్ ధరకి దొరికితే రెండు రౌండ్ల లాభం, ఆరో రౌండ్ వాడు పన్నెండో రౌండ్‌కి దొరికితే ఆరు రౌండ్ల లాభం. లెక్కకి రెండోదే మేలు అనిపిస్తుంది. ఇప్పుడు రౌండ్లకి బదులు సీజన్ పాయింట్లు వేయండి. మొదటి రౌండ్ వాడు 280, మూడో రౌండ్ వాడు 220 తెస్తాడనుకుందాం, లాభం 60. ఆరో రౌండ్‌కి 170, పన్నెండో రౌండ్‌కి 130 అనుకుంటే లాభం 40. అంకెలు ఉదాహరణకే గానీ వాలు మాత్రం నిజం: పైరౌండ్లలో ఒక్కో మెట్టు దిగితే పోయే పాయింట్లు ఎక్కువ, కిందికి వచ్చేసరికి అందరూ దాదాపు ఒకటే. నా మటుకు నేను చివరి రౌండ్ల చవక బేరాలకి అంత విలువ ఇవ్వను. పదో రౌండ్ దాటాక దొరికేవాడు సీజన్ మధ్యలో వేవర్‌లోనూ దొరుకుతాడు.

సమస్య: ఏడీపీ ప్రకారం నాలుగో రౌండ్ వరకు ఉండాల్సినవాడు రెండో రౌండ్‌లోనే ఎగిరిపోయాడు

కారణం: ఏడీపీ కీపర్లు లేని లీగులది. మీ లీగ్‌లో 12 టీమ్‌లు తలా ఇద్దర్ని ఉంచుకుంటే 24 మంది డ్రాఫ్ట్‌కి ముందే పోయినట్టే, అందులో ఎక్కువమంది పైరౌండ్ల సరుకే. వాళ్లకి కట్టింది చివరి రౌండ్ పిక్‌లు కాబట్టి పైరౌండ్ పిక్‌లు అందరి దగ్గరా అలాగే ఉంటాయి. పిక్‌లు అన్నే, సరుకు తక్కువ.

పరిష్కారం: ఎవరెవరు ఎవర్ని ఉంచుకుంటారో ఊహించి ఒక లిస్ట్ వేయండి. ఏడీపీ పట్టికలో ఆ పేర్లు కొట్టేసి మిగిలినవాళ్లకి కొత్తగా 1 నుంచి నంబర్లు ఇవ్వండి. మీ కీపర్లని ఆ కొత్త నంబర్లతోనే పోల్చుకోవాలి. ఉంచుకున్నవాళ్లలో ఎక్కువమంది రన్నింగ్ బ్యాక్‌లే (బంతి పట్టుకుని పరిగెత్తేవాళ్లు) అయితే డ్రాఫ్ట్‌లో ఆ పొజిషన్‌కి కరువు వస్తుంది. ఇద్దరి మధ్య తేల్చుకోలేకపోతున్నప్పుడు రన్నింగ్ బ్యాక్ వైపు మొగ్గండి.

వేలం లీగ్‌లో ఇదే లెక్క ఇంకా తేలిక. 12 టీమ్‌లు, తలా 200 డాలర్లు, మొత్తం 2,400. కీపర్ల ధరలన్నీ కలిపి 300, మార్కెట్‌లో ఆ కీపర్ల అసలు విలువ 500 అనుకోండి. మిగిలిన డబ్బు 2,100, మిగిలిన సరుకు విలువ 1,900. భాగిస్తే సుమారు 1.1. అంటే 40 డాలర్లవాడు 44కి పోతాడు. మీ దగ్గర 30కి ఉన్న అదే ఆటగాడి మీద లాభం 10 కాదు, 14.

సమస్య: అందరికంటే ఎక్కువ పాయింట్ల క్వార్టర్‌బ్యాక్ నా దగ్గరే, అయినా ఓడుతున్నాను

కారణం: క్వార్టర్‌బ్యాక్‌లు (బంతి విసిరేవాళ్లు) అందరూ ఎక్కువే కొడతారు. ఒక్కరినే ఆడించే 12 టీమ్‌ల లీగ్‌లో మొదటివాడు 380, పదమూడోవాడు 300 తెచ్చాడనుకుందాం, తేడా 80. రన్నింగ్ బ్యాక్‌లలో మొదటివాడు 300, ముప్ఫయ్యోవాడు 150 అయితే తేడా 150. చూడాల్సింది ఎన్ని పాయింట్లు తెచ్చాడని కాదు, ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయినవాడికంటే ఎన్ని ఎక్కువ తెచ్చాడని.

పరిష్కారం: ఒక్క క్వార్టర్‌బ్యాక్ లీగ్‌లో అతనికి మొదటి అయిదు రౌండ్లలో ఏదైనా పోతుందంటే వదిలేయడమే మంచిది. సూపర్‌ఫ్లెక్స్ (రెండో క్వార్టర్‌బ్యాక్‌ని కూడా ఆడించే వీలున్న లీగ్) అయితే కథ తిరగబడుతుంది. వారానికి ఇద్దర్ని ఆడించొచ్చు కాబట్టి ఆ పొజిషన్‌కే కరువు. అక్కడ మంచి కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని వదలడం అనవసరం.

సమస్య: పోయినేడాది దుమ్ము రేపినవాడు ఈ ఏడాది చతికిలపడ్డాడు

కారణం ఒక్కటే ఉండదు. గాయాలని ఎవరూ ఆపలేరు. 2023లో 21 టచ్‌డౌన్‌లు చేసిన రన్నింగ్ బ్యాక్ క్రిస్టియన్ మెకాఫ్రీ 2024లో నాలుగు ఆటలే ఆడాడు. కానీ టచ్‌డౌన్‌ల గాలివాటం ముందే కనిపిస్తుంది. 2020లో గ్రీన్ బే టైట్ ఎండ్ (ప్రత్యర్థుల్ని అడ్డుకుంటూ బంతి కూడా పట్టేవాడు) రాబర్ట్ టోన్యన్ 52 క్యాచ్‌లకే 11 టచ్‌డౌన్‌లు కొట్టాడు. దాదాపు ప్రతి అయిదు క్యాచ్‌లకి ఒకటి, ఎవరికీ నిలిచే లెక్క కాదది. మరుసటి ఏడాది మోకాలు పోయేలోపు ఆడిన ఎనిమిది ఆటల్లో వచ్చినవి రెండు.

పరిష్కారం: పాయింట్ల పట్టిక మూసేసి టార్గెట్లు (అతని వైపు విసిరిన బంతులు), క్యారీలు (బంతితో పరిగెత్తిన సార్లు), మైదానంలో ఎన్ని స్నాప్‌లు (ఒక్కో ఆట ఎత్తు) ఉన్నాడు అన్నవి చూడండి. బంతి తరచుగా వచ్చేవాడికి పాయింట్లు ఎలాగూ వస్తాయి. రన్నింగ్ బ్యాక్ వయసు 28 దాటితే అనుమానించాలంటారు, ఆ మాట సబబే. కానీ 30 ఏళ్ల డెరిక్ హెన్రీ 2024లో బాల్టిమోర్‌కి మారి 1,921 యార్డులు పరిగెత్తాడు. అదే ఏడాది జెయింట్స్ నుంచి ఈగల్స్‌కి వెళ్లిన సేక్వాన్ బార్క్‌లీ 2,005 యార్డులు పరిగెత్తాడు. ముందు నిలబడి దారి చేసే లైన్ బాగుంటే వయసూ పాత పేరూ కొంచెం పక్కకి జరుగుతాయి. అందుకే వయసు ఒక్కదాన్నే చూసి ఎవర్నీ కొట్టేయకండి.

సమస్య: కీపర్ రౌండ్ విషయంలో కమిషనర్‌తో గొడవ

కారణం: రూల్స్ ఎక్కడా రాసి లేవు. ఒకే రౌండ్ ధర ఉన్న ఇద్దర్ని ఉంచుకుంటే ఏమవుతుంది, వేవర్‌లో తెచ్చుకున్నవాడికి ఏ రౌండ్, ట్రేడ్‌లో వచ్చినవాడికి పాత ధరా కొత్తదా, ఎన్నేళ్లు ఉంచుకోవచ్చు, ఏటా ధర పెరుగుతుందా అన్నది ఎవరికి తోచినట్టు వాళ్లు అనుకుంటారు.

పరిష్కారం: జూలైలోనే గ్రూప్‌లో ఈ ప్రశ్నలు అడగండి, జవాబుల స్క్రీన్‌షాట్ దాచుకోండి. యాప్ దానంతటదే వేసిన కీపర్ రౌండ్‌ని నమ్మొద్దు, పోయినేడాది డ్రాఫ్ట్ బోర్డు తీసి సరిచూసుకోండి. గడువుకి రెండు రోజుల ముందే పేర్లు పెట్టేయండి. ఆఖరి నిమిషంలో గాయం వార్త వస్తే మార్చుకోవచ్చా అన్నది కూడా ఆ ప్రశ్నల్లోనే చేర్చండి.