పురుగుల మందు తాగి వచ్చిన మనిషితో మాట ఎలా కలపాలి

నల్లగొండలో ఆసుపత్రి సోషల్ వర్కర్‌గా కొత్తగా చేరేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చోండి. నిలబడి అడిగితే పోలీసు అడిగినట్టే ఉంటుంది. డాక్టరు గండం గడిచిందన్నాకే మన మాటలు.

"ఎందుకిట్ల చేసినవ్?" అనొద్దు. చుట్టాలంతా అదే అడిగి ఉంటారు. ఒక పత్తి రైతు గోడవైపు తిరిగి పడుకున్నాడు. "అన్నా, గొంతు మండుతోందా?" అన్నాను. చాలాసేపటికి, "ఎడ్లకు నీళ్లెవరు పెట్టిన్రో" అన్నాడు. మాట అక్కడ మొదలైంది. అప్పు సంగతి గంట తర్వాత వచ్చింది. ఆ గంట ఆగడమే ఈ పనిలో అన్నిటికన్నా కష్టం.

ఇంటివాళ్లను కాసేపు బయటికి పంపి, "మళ్లీ చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి, వెంటనే సైకియాట్రిస్టుకు చెప్పండి.

కేసవుతుందని ఇంటివాళ్లకు టెన్షన్ ఉంటుంది. ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోందని వాళ్లకు నిదానంగా వివరించండి.

డిశ్చార్జికి ముందు పురుగుల మందు డబ్బాలు ఇంట్లో లేకుండా తీయించండి. ఎవరు తీస్తారో ఆ మనిషి నోటితోనే చెప్పించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టండి. ఇంటికెళ్లిన రెండు మూడు రోజుల్లో ఫోన్ చేయండి. ఆ రైతుకు చేసినప్పుడు నేను మొదట ఎడ్ల సంగతే అడిగాను.